కోకో మొక్కల నర్సరీ: నాటిన నాలుగేళ్ళకు రాస్తున్న సమీక్ష

2021 ఆగస్టులో, విజయవాడ నుంచి ఏలూరు వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక నర్సరీలో 400 కోకో మొక్కలు కొని, నూజివీడు దగ్గర మా కుటుంబానికి ఉన్న రెండెకరాల కొబ్బరి తోటలో అంతర పంటగా నాటించాము. అందులో 240 గింజ నుంచి పెంచిన మొక్కలు, 160 అంటు మొక్కలు. రెండింటినీ నర్సరీవారు ‘అధిక దిగుబడి రకం’ అన్న ఒకే మాటతో అమ్మారు. కొన్న నెలలోనే సమీక్ష రాసి ఉంటే అది ఆకుల పచ్చదనం గురించిన సమీక్ష అయ్యేది. కోకో విషయంలో దానికి విలువ లేదు. కాయ కోసి, గింజ పులియబెట్టి, ఎండబెట్టి తూచిన తరువాతే ఆ చెట్టు ఎలాంటిదో తెలుస్తుంది. అందుకే నాలుగేళ్ళు ఆగి, రెండు కోతలు పూర్తయ్యాక రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: అంటు మొక్కలు పెట్టిన డబ్బుకు తగినవి, గింజ మొక్కలు కావు. ఈ తేడాకు కారణం నర్సరీ పెంపకంలో లేదు, ఆ మొక్కల పుట్టుకలో ఉంది. నర్సరీ పేరు కావాలనే రాయడం లేదు. నేను చూసినంతలో ఈ లోపం ఆ ఒక్క చోటికే పరిమితమైనది కాదు, కాబట్టి ఎక్కడ కొనేవారికైనా ఈ అనుభవం పనికొస్తుంది.

ముందుగా బాగున్నవాటి గురించి చెప్పాలి, ఎందుకంటే అవి నిజంగానే బాగున్నాయి. షేడ్‌నెట్ కింద మొక్కలను వయసుల వారీగా వరుసలు కట్టి ఉంచారు. పాలిథిన్ సంచులకు అడుగున నీరు పోయే రంధ్రాలు సరిగా ఉన్నాయి, ఎక్కడా నీరు నిలిచి పాచి పట్టలేదు. నేను అడగగానే రెండు సంచులు కోసి వేళ్ళు చూపించారు; తల్లివేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకోకుండా నిటారుగా దిగి ఉంది. అమ్మకానికి ముందు మూడు వారాల పాటు నీడను కొంచెం కొంచెంగా తగ్గించి మొక్కలను ఎండకు అలవాటు చేశారు. మన ప్రాంతపు ఎండకు ఇది చాలా అవసరమైన పని, చాలామంది చేయని పని కూడా. ఎండ తగ్గాక సాయంత్రం వ్యానులోకి ఎక్కించి, తడి గోనెలు కప్పి, రాత్రి తొమ్మిది గంటలకు తోటకు చేర్చారు. దారిలో దెబ్బతిన్న 11 మొక్కలకు బదులు మరో వారంలో కొత్తవి పంపారు, దానికి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నాటిన మొదటి ఏడాదిలో చనిపోయిన మొక్కలు పదిహేనుకు మించలేదు. మొక్కను పెంచడం, చేర్చడం వరకే సమీక్ష అయితే నేను పూర్తి మార్కులు ఇస్తాను.

లోపం చీటీ దగ్గర మొదలైంది. గింజ మొక్కల వరుసకు కట్టిన చీటీ మీద ‘కోకో హైబ్రిడ్’ అని మాత్రమే ఉంది. ఏ రెండు రకాలను కలిపితే వచ్చిన హైబ్రిడ్ అని అడిగాను. నర్సరీ చూసే ఆయన మర్యాదగానే, “బాగా కాసే చెట్ల కాయల నుంచి తీసిన గింజలేనండీ, ఈ చుట్టుపక్కల అందరూ ఇవే తీసుకెళ్తారు” అన్నారు. ఆ మాటతో నేను తృప్తిపడ్డాను. పడకూడదని ఇప్పుడు తెలుసు. నూజివీడు ప్రాంతంలో పుట్టి పెరిగిన ఎవరైనా చిన్న రసం మొక్క కొనేటప్పుడు అంటు ఏ తల్లి చెట్టు నుంచి కట్టారని అడగకుండా డబ్బు ఇవ్వరు. తియ్యటి పండు తిని ఆ టెంక పాతిపెడితే అదే పండు వస్తుందని మా ఇళ్ళలో పిల్లలు కూడా అనుకోరు. అదే మనం కోకో దగ్గరకు వచ్చేసరికి, బాగా కాసే చెట్టు గింజ అనగానే నమ్మేస్తాము.

నిజానికి గింజ మీద ఆధారపడడం మామిడిలో కంటే కోకోలో మరింత ప్రమాదకరం. కోకో పూలు చెట్టు కాండం మీదా, పెద్ద కొమ్మల మీదా నేరుగా పూస్తాయి, అర అంగుళానికి అటూ ఇటూగా ఉంటాయి. వాటికి పరాగ సంపర్కం చేసేవి తేనెటీగలు కావు, ఫోర్సిపోమియా జాతికి చెందిన, గుండుసూది తలంత మేరకే కనిపించే చిన్న ఈగలు. పూచిన పూలలో నూటికి కొన్ని మాత్రమే కాయలవుతాయి, మిగిలినవి ఒకటి రెండు రోజుల్లో రాలిపోతాయి. దీనికి తోడు చాలా కోకో చెట్లకు తమ పుప్పొడితో తమకు కాయ పట్టదు. ఇందులో ఒక విశేషం ఉంది. సొంత పుప్పొడి పనికిరాని చాలా మొక్కల్లో దానిని కీలాగ్రమో (పుప్పొడి పడే కొన), దాని కింది కీలమో తిరస్కరిస్తుంది. కోకోలో అలా కాదు. పుప్పొడి మొలకెత్తి అండాశయం దాకా చేరుతుంది, అక్కడ బీజాలు కలవవలసిన చోట కలయిక తప్పిపోయి, మూడు నాలుగు రోజులకు పువ్వు రాలిపోతుంది. కాబట్టి కాయ పట్టిందంటే పక్కనున్న ఏదో ఒక చెట్టు పుప్పొడి అందిందన్నమాట. ఆ పక్క చెట్టు మంచిదో, ఏడాదికి నాలుగు కాయలు కాసేదో ఎవరూ చూడరు. నర్సరీ ఆయన చూపించిన ‘బాగా కాసే చెట్టు’ తల్లి మాత్రమే. తండ్రి ఎవరో ఆయనకూ తెలియదు. అలాంటి గింజలను హైబ్రిడ్ అనడం మాటవరసకు తప్పు కాకపోవచ్చు గాని, డబ్బు తీసుకుని చీటీ మీద రాయడానికి అది తగిన మాట కాదు.

హైబ్రిడ్ అన్న మాటకు పరిశోధన కేంద్రాల్లో ఉన్న అర్థం వేరు. మన దేశంలో కోకో రకాల అభివృద్ధి ప్రధానంగా రెండు చోట్ల జరిగింది. ఒకటి కర్ణాటకలోని విట్టల్‌లో ఉన్న కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం. దాని ప్రధాన కార్యాలయం కాసరగోడులో ఉంది. రెండవది త్రిశ్శూరు దగ్గర వెల్లానిక్కరలో ఉన్న కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం. అక్కడ క్యాడ్‌బరీ సంస్థ సహకారంతో 1987లో కోకో పరిశోధన పథకం మొదలైంది. విట్టల్ నుంచి వీటీఎల్‌సీహెచ్ అన్న అక్షరాలతో హైబ్రిడ్లు, వీటీఎల్‌సీసీ అన్న అక్షరాలతో క్లోన్లు, అంటే ఒకే తల్లి చెట్టు నుంచి అంటు కట్టి పెంచే నకళ్ళు, వచ్చాయి. వెల్లానిక్కర నుంచి సీసీఆర్‌పీ అన్న పేరుతో అంకెల వరుసలో రకాలు విడుదలయ్యాయి. ఈ అక్షరాలు, అంకెలు చూడడానికి పొడిగా ఉన్నా, ఒక్కొక్కదాని వెనుక పదేళ్ళకు పైబడిన పని ఉంటుంది. ఎన్నో చెట్ల నుంచి ఏడాది పొడవునా కాయలు లెక్కపెట్టాలి, కాయకు ఎన్ని గింజలు ఉన్నాయో చూడాలి, గింజ ఎండితే ఎంత తూగుతుందో నమోదు చేయాలి, తెగులుకు ఎంత తట్టుకుంటుందో గమనించాలి. అందులో మిగిలిన చెట్లను ఒకదానితో ఒకటి సంకరం చేసి, వచ్చిన సంతతిని మళ్ళీ నాటి, అవి కాపుకు వచ్చేదాకా ఆగి, మొదటి నుంచి అదే లెక్క చేయాలి.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టినది కాదు. 1930ల్లో కరీబియన్ దీవి అయిన ట్రినిడాడ్‌లోని ఇంపీరియల్ ఉష్ణమండల వ్యవసాయ కళాశాలలో ఎఫ్.జె. పౌండ్ అనే శాస్త్రవేత్త ఆ దీవిలోని తోటలన్నీ గాలించి, కాయల లెక్క, గింజ బరువు ఆధారంగా 100 చెట్లను ఎంచారు. ఐసీఎస్ (ఇంపీరియల్ కాలేజ్ సెలెక్షన్స్) అన్న పేరుతో ఆ క్లోన్లు నేటికీ ప్రపంచమంతటా సంకరాలకు వాడుకలో ఉన్నాయి. ఆ దశాబ్దం చివర ఆయనే, కొమ్మలు చీపురులా గుబురుకట్టేలా చేసే చీపురుకట్ట తెగులును తట్టుకునే చెట్ల కోసం అమెజాన్ నది ఎగువ ప్రాంతాలకు వెళ్ళి కోకో సేకరించి తెచ్చారు. ఎగువ అమెజాన్ చెట్లనూ, పాత తోటల చెట్లనూ కలిపినప్పుడు సంతతి త్వరగా ఎదిగి, తొందరగా కాపుకు వచ్చి, ఎక్కువ కాయలు ఇచ్చింది. ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ తరువాత వచ్చిన హైబ్రిడ్లలో చాలావాటికి ఆ సేకరణే పునాది. ఇప్పుడు ఒక దేశపు మొక్క మరో దేశానికి వెళ్ళాలంటే దానితో పాటు వైరస్ వెళ్ళకుండా ఎక్కువగా ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఉన్న కోకో క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షిస్తారు. ఇంత జాగ్రత్తతో నడిచిన వంశవృక్షం మన ఊరి నర్సరీ చీటీ దగ్గరకు వచ్చేసరికి ‘హైబ్రిడ్’ అన్న ఒక్క మాటగా మిగలడం నాకు బాధ కలిగించింది.

గింజ మొక్కల్లో నాణ్యత ఉండాలంటే మార్గం ఉంది, అది విత్తన తోట. తమ పుప్పొడితో తమకు కాయ పట్టని, కానీ ఒకదానితో ఒకటి చక్కగా కలిసే ఎంపిక చేసిన క్లోన్లను మాత్రమే ఒక చోట, మిగతా కోకోకు దూరంగా నాటితే, ఆ తోటలో పట్టే ప్రతి కాయకూ తల్లీ తండ్రీ ఇద్దరూ మేలైనవారే అవుతారు. చెట్టులోని లోపాన్నే మనిషి వరంగా మార్చుకున్న పద్ధతి ఇది. వెల్లానిక్కరలో ఇలాంటి తోటల నుంచే రైతులకు గింజ వెళుతుంది. కోకో గింజను కాయ నుంచి తీశాక నిలవ ఉంచలేము, ఎండితే మొలకెత్తే శక్తి పోతుంది. కాబట్టి నర్సరీవారు గింజను కాయల్లోనే తెప్పించుకోవాలి, వెంటనే విత్తాలి. అలా తెప్పించుకున్న సరుకైతే రసీదు ఉంటుంది, తేదీ ఉంటుంది. ఇక మీదట నేను ముందుగా అడిగేది ఆ రసీదే.

ఇక అంటు మొక్కల సంగతి. గింజ మొక్కతో పోలిస్తే వీటి ధర దాదాపు మూడింతలు. వేరు మొక్క (కింద వేళ్ళనిచ్చే మొక్క) మీద మెత్తని కాండపు అంటు కట్టారు; అతుకు దగ్గర కాండం రెండు వైపులా సమానమైన మందంతో, పగులు లేకుండా ఉంది. వీటికి మాత్రం నర్సరీలో రిజిస్టరు ఉంది. సయాన్ పుల్లలు (అంటు కట్టడానికి తల్లి చెట్టు నుంచి కోసిన పుల్లలు) ఏ క్లోనువో, ఎప్పుడు తెచ్చారో, ఎన్ని అతుక్కున్నాయో అందులో రాసి ఉంది. రెండు క్లోన్లు, రెండూ వెల్లానిక్కర సంతతివి. అంటు మొక్క తల్లి చెట్టుకు అచ్చమైన నకలు కాబట్టి ఇందులో ఊహకు తావు లేదు. అయితే కొనేవారికి చెప్పవలసిన రెండు విషయాలు ఎవరూ చెప్పలేదు.

మొదటిది, చెట్టు ఆకారం. గింజ మొక్క నిటారుగా ఒకటి ఒకటిన్నర మీటర్లు పెరిగి, అక్కడ గొడుగు పుల్లల్లా నాలుగైదు కొమ్మలు వేస్తుంది. పక్క కొమ్మ నుంచి తీసిన పుల్లతో కట్టిన అంటు అలా లేవదు, మొదటి నుంచీ పొదలా పక్కలకు పరుచుకుంటుంది. మొదటి రెండేళ్ళు నేలను తాకే కొమ్మలు తీసివేస్తూ, మూడు నాలుగు బలమైన కొమ్మలను పైకి నడిపించాలి; అతుకు కింద వేరు మొక్క నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు గిల్లివేయాలి. తోట చూసుకునే మా బాబాయి గారు మొదటి ఏడాది ఆ పిలకలను చూసి, మొక్క బలంగా లేస్తోందని సంతోషించి వదిలేశారు. తొమ్మిది మొక్కల్లో అంటు భాగం క్షీణించి, వేరు మొక్కే చెట్టయింది. ఆ డబ్బు పోయినట్టే. ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు అచ్చు వేయించి ఇచ్చి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు.

రెండవది ఇంకా పెద్దది. 160 అంట్లలో 110 ఒక క్లోనువి, 50 మరో క్లోనువి. వాటిని వేరువేరు వ్యానుల్లో పంపారు, మేము వేరువేరు మడుల్లో నాటాము. ఒకే క్లోను చెట్లు ఎన్ని ఉన్నా, పుప్పొడి విషయంలో అవన్నీ ఒకే చెట్టు. 110 మొక్కల మడిలో అంచు వరుసలు, అంటే గింజ మొక్కలకు దగ్గరగా ఉన్నవి, మూడో ఏటనే కాండం నిండా కాయలతో కనిపిస్తే, మడి మధ్యలో ఉన్నవి అంతే పూత పూసి అలాగే రాల్చేశాయి. మొదట ఎరువు లోపమనుకున్నాము, తరువాత డ్రిప్ పైపులు మూసుకుపోయాయేమోనని చూశాము. అదీ కాదని తెలిసి, పొరుగు చెట్ల పువ్వులు తెచ్చి మధ్య వరుసలోని ఐదు చెట్లకు చేత్తో పుప్పొడి అంటించాము. వాటికి కాయలు పట్టాయి. అధిక దిగుబడి రకమంటే ఒక్క రకాన్నే కొని నింపడం కాదని, నాలుగైదు క్లోన్లను వరుస మార్చి వరుస కలిపి నాటాలని, ఇది అమ్మేవారు ముందే చెప్పవలసిన మాట. ఇదే సందర్భంలో మరొకటి కూడా తెలుసుకున్నాము: ఆ చిన్న ఈగలు కుళ్ళే ఆకులోనూ, కాయ డొప్పల్లోనూ పెరుగుతాయి కాబట్టి తోట నేలను అద్దంలా ఊడ్చి ఉంచడం మంచిది కాదు. ఇప్పుడు డొప్పలను చెట్ల మధ్యనే వదులుతున్నాము, తెగులు పట్టినవాటిని మాత్రం బయటకు తీస్తున్నాము.

నాలుగో ఏటి కాపులో చూసిన తేడా ఇది. సరిగా పుప్పొడి అందిన అంటు చెట్లు దాదాపు అన్నీ చెట్టుకు 25 నుంచి 35 కాయల మధ్య ఇచ్చాయి. కాయల పరిమాణం, రంగు, పండే సమయం ఒకే తీరుగా ఉన్నాయి. గింజ చెట్లలో 40 కాయలు దాటినవి కొన్ని ఉన్నాయి, ఐదారు కాయలతో ఆగిపోయినవి చాలా ఉన్నాయి. ఒక వరుసలోనే ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగే కాయలు, పక్కనే ఎర్రని గాడులున్న కాయలు, నున్నటివి, బుడిపెలవి కనిపించాయి. పుట్టుక కలగాపులగమని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. గింజ బరువులో తేడా మరీ స్పష్టం. ఎండిన గింజ సగటున ఒక గ్రాముకు తగ్గకూడదన్నది కొనేవారు చూసే ప్రమాణం. అంటు చెట్లవి 100 గింజలు తూస్తే 115 గ్రాముల దాకా తూగాయి. గింజ చెట్ల సరుకు కలిపి తూస్తే 90 దగ్గర ఆగింది, చిన్న గింజ అని ధర తగ్గించారు. ఆరు రోజులు పులియబెట్టడంలోనూ, ఎండబెట్టడంలోనూ రెండింటికీ ఒకే శ్రద్ధ పెట్టాము కాబట్టి ఆ తేడా రకానిదే.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగిన వానలు మా తోటనూ వదలలేదు. నీరు నిలవలేదు గాని, చెట్ల కింద పది రోజులు తడి ఆరలేదు, నల్లకాయ కుళ్ళు తెగులు వచ్చింది. ఇది ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చేది; కాయ మీద చిన్న గోధుమ మచ్చ మొదలై, కొద్ది రోజుల్లో కాయంతా నల్లబడుతుంది. గింజ చెట్లలో కొన్ని మూడొంతుల కాయలు పోగొట్టుకుంటే, వాటి పక్కనే ఉన్న మరికొన్నింటికి రెండు మూడు కాయలకే ఆగింది. అంటు చెట్లలో నష్టం మధ్యస్థంగా, అన్నింటికీ ఒకేలా ఉంది. వేసవి పరీక్ష కూడా చెప్పాలి. మే నెలలో 44 డిగ్రీలు దాటే మన ఎండలో, కొబ్బరి నీడ, డ్రిప్ లేకుండా ఏ రకమూ నిలవదు. కొబ్బరి చెట్టు చనిపోయి ఖాళీ ఏర్పడిన చోట అంటూ, గింజ మొక్కా తేడా లేకుండా ఆకు మాడింది.

ఈ ఏడాది జూన్‌లో కాయల లెక్క రాసిన పుస్తకం పట్టుకుని నర్సరీకి మళ్ళీ వెళ్ళాను. నర్సరీ చూసే ఆయన కోపగించుకోలేదు, లెక్కలన్నీ ఓపికగా చదివారు. మొక్కల కోసం జనం ఎగబడ్డారని, అడిగినన్ని ఇవ్వడానికి దొరికిన కాయలన్నీ విత్తామని ఒప్పుకున్నారు. గింజ మొక్కల డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. దానికి బదులు, తన దగ్గర కొత్తగా పెంచుతున్న మరో మూడు క్లోన్ల నుంచి సయాన్ పుల్లలు ఉచితంగా ఇస్తానని, అంటు కట్టే మనిషిని కూలి తీసుకోకుండా రెండు రోజులు పంపుతానని చెప్పారు. మాట నిలబెట్టుకున్నారు. అమ్మకం తరువాత ఇంతవరకు వచ్చినవారిని నేను ఎక్కువగా చూడలేదు, కాబట్టి ఇది వారి పక్షాన రాయవలసిన విషయమే. అయినా అసలు అమ్మకంలో జరిగిన తప్పు దీనితో చెరిగిపోదు. నాలుగేళ్ళ కాలం తిరిగి రాదు.

2025 ఆరంభంలో కొనుగోలు ధర పడిపోయి ఏలూరు జిల్లా రైతులు ఆందోళనకు దిగిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ధర దిగినప్పుడు ఐదు కాయల చెట్టు నీటి ఖర్చు కూడా ఇవ్వదు, ముప్పై కాయల చెట్టు మాత్రమే నిలబెడుతుంది. అందుకని ఇప్పుడు నర్సరీకి వెళ్ళేవారికి నా సూచన ఇది: ఈ నర్సరీ వంటి చోట అంటు మొక్కలను రిజిస్టరు చూసి, కనీసం నాలుగు క్లోన్లు కలిపి, ధర ఎక్కువైనా తీసుకోండి. గింజ మొక్కలను విత్తన తోట రసీదు చూపిస్తే తప్ప తీసుకోవద్దు. కోచిలోని జీడిపప్పు, కోకో అభివృద్ధి డైరెక్టరేటు నర్సరీలకు గుర్తింపు ఇస్తుంది. ఆ పత్రం ఉందా, దాని గడువు ఉందా అని అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

మా తోటలో, రెండు కోతల లెక్కలో అట్టడుగున ఉన్న 62 గింజ చెట్లను జూలైలో కొమ్మలు విడిపోయే చోటికి కింద కోయించాము. మొండెం నుంచి లేచిన పిలకల్లో చెట్టుకు మూడు చొప్పున ఉంచి, వాటి మీద ఆ మూడు క్లోన్ల కన్నులు కట్టించాము. వేరు పాతదే కాబట్టి ఎదుగుదల త్వరగా ఉంటుంది. నిన్న బాబాయి గారు, నేను వరుస వెంట నడిచి చూస్తే, 51 చెట్లలో కనీసం ఒక కన్ను పచ్చగా నిలిచి చిగురు వేసింది. మిగిలిన 11 చెట్లకు వచ్చే నెల మళ్ళీ కట్టాలి. ఈసారి ఏ చెట్టుకు ఏ క్లోను కట్టామో రేకు ముక్క మీద చెక్కించి మొదట్లోనే వేలాడదీశాము.